పిల్లల కథలు – ప్రతి దిద్దువాని పని



మన యిండ్లలో రాత్రి భోజనములైన పిదప అవ్వ చెప్పిన కథ కంచికి పోయెడిది; మనము ఇంటికి పోయెడివారము. ఆ కథ కంచికి పోక అచ్చుకూటమునకు పోవునెడల, దారిలో దాని నొకడు నిలిపి పరీక్షించును. వాడు కథను కల్పించినవాడు కాడు. బొమ్మలు వ్రాసినవాడును కాడు. వ్రాతప్రతిని చదివి, తప్పులు దిద్ది, అతుకని చోట నతికించి, పిల్లల చేతి కందింపదగినట్లు చేయుట వాని వృత్తి. ముప్పది యేండ్లుగా నేనా పని చేయుచున్నాను. ఏ కార్యాలయమునందును నాకు నెలజీతము లేదు. పదునారు పుటలు ఒక ఫారము. ఫారమున కింత యని పుచ్చుకొందును. పని యున్న నెలలో దీపము అర్ధరాత్రి వరకు వెలుగును. లేని నెలలో పొలము చూచుకొందును. ఈ వృత్తి తెలుగున నెట్లు పెరిగినదో, మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలకు దానితో నేమి సంబంధమో నేడు మనవి చేసెదను. 2016లో ఈ జిల్లాలు పెక్కుగా విభజింపబడినను, నేను పాత పేళ్ళతోనే చెప్పుచున్నాను.

మాయకథలకు నియమములు లేవని తలచుట పొరపాటు. మాంత్రికుని ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నదని మొదట చెప్పితిమేని, నడుమ వాడు కత్తిపోటునకు చావరాదు. ఉంగరము మూడు కోరికలే తీర్చునంటిమేని, నాల్గవది తీరరాదు. పెద్దలు ఇట్టి లోపమును చూచియు చూడనట్లుందురు. ఎనిమిదేండ్ల పిల్ల ఊరకొనదు. కావున ప్రతిని మూడుమారులు చదువుదును. మొదటిమారు కథ కొరకు; రెండవమారు లెక్క కొరకు, అనగా ఎన్ని దినములు గడచెను, అన్నదమ్ము లెందరు, ఖడ్గ మెవరి చేత నున్నది యని చూచుటకు; మూడవమారు బిగ్గరగా, చెవి కొరకు.

తెలుగు పిల్లల పత్రికలలో 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు వెలువరించిన 'బాల' ప్రసిద్ధమైనది. వీరే రేడియో అన్నయ్య, అక్కయ్య యని ఇంటింట ఎరుగబడినవారు. 1947 జూలైలో చెన్నపట్టణమున నాగిరెడ్డి, చక్రపాణి గారలు 'చందమామ'ను ప్రారంభించిరి. 1952లో కొడవటిగంటి కుటుంబరావు గారు అందు చేరి, 1980లో తనువు చాలించు వరకు ఆ పని చేసిరి. ఊరూర నుండి పాఠకులు పంపిన కథలను ఆయన తేట తెలుగున తిరుగ వ్రాసెడివారు. అందుచేతనే ఎవరు పంపిన కథయైనను ఒక్క నోట వచ్చినట్లుండెడిది. అదే 1952లో చేరిన దాసరి సుబ్రహ్మణ్యము గారు 'తోకచుక్క' మొదలుకొని మాయాద్వీపముల కథలను, రాకాసిలోయల కథలను నెలనెల ధారావాహికముగా వ్రాసిరి. వానిపై ఆయన పేరు అచ్చుపడలేదు. పిల్లలు ఆ పుటలను చించి కుట్టుకొని దాచుకొనిరి గాని, వ్రాసినవా రెవరో యెరుగరు.

మన సీమలో ఆ పత్రికకు వేరొక విలువ కలదు. 1948 వరకు నిజాము రాజ్యపు ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో జరిగెడిది. అట్టి చోట చదువుకొన్నవారి యిండ్లకు, అటుతరువాత, తేట తెలుగు కథలు నెలనెల వచ్చుట మహోపకారము. మా తండ్రిగారు తెలుగు చదువుట బడిలో కాదు, ఆ కథలలో నేర్చిరి. అయినను ఒక కొరత నిలిచెను. ఆ తేట తెలుగు సముద్రతీరపు తెలుగు. మా యింట అంగి యనునది అందు చొక్కా యయ్యెను. మక్కకంకి యనునది మొక్కజొన్నపొత్తయ్యెను. పిల్లవాడు రెండును నేర్చెను. కాని తన యింటి మాట అచ్చునకు తగదనియు లోలోపల నేర్చెను.

ఆదిలాబాదు అడవులలో ఇంతకన్న పెద్ద ప్రశ్న పుట్టెను. 1940లో జోడేఘాటులో కుమ్రం భీము నిజాము ప్రభుత్వపు తుపాకులకు బలియయ్యెను. పిమ్మట ఆస్ట్రియాలో జన్మించిన హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు గోండుల నడుమ మార్లవాయి గ్రామమున నివసించి వారి స్థితిగతులను పరిశీలించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడెను. గోండి భాషలోనే వాచకములు సిద్ధము చేసి దేవనాగరి లిపిలో అచ్చువేసిరి. ఆలోచింపుడు. ప్రధానులు కీకిరి మ్రోయించుచు గానము చేయు గాథలలో దేవతలు గుహలో బంధింపబడుదురు, పహండి కుపార్ లింగాల్ వారిని విడిపించును. ఏ మాయకథకు నీ కల్పన తీసిపోవును? అట్టి సంపదగల భాషను మొదటిసారి పిల్లల పుటమీద పెట్టువారు ఏ లిపి, ఏ మాట యని అడుగడుగున నిర్ణయింపవలసియుండెను. తరువాతి కాలమున ఆ గోండి బోధన నిలువలేదు. గుంజాల గ్రామపు వ్రాతప్రతుల వలన గోండికి సొంత లిపియు గలదని లోకమునకు తెలిసినది; 2018లో అది కంప్యూటరు అక్షరముల అంతర్జాతీయ పట్టికలో చేరినది.

ఇక నా తప్పు చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట జగిత్యాల ప్రాంతపు వృద్ధురాలొకతె చెప్పిన రాకాసికథ నా చేతికి వచ్చినది. అందు కడగొట్టు తమ్ముడు గుమ్మిలో దాగుకొని, రాకాసి తన అన్నలను లెక్కించుట చూచును. 'గుమ్మి' యన్నచో దూరపు పిల్లలకు తెలియదని నేను దానిని కొట్టివేసి 'ధాన్యపు కొట్టు' అని వ్రాసితిని. పట్టణపు చిత్రకారుడు పలకలు బిగించిన గది బొమ్మ వ్రాసెను. పుస్తకము వెలువడెను. ఆ వృద్ధురాలి ఊరిబడిలో దానిని నేనే చదివి వినిపించితిని. ఒక చిన్నపిల్ల లేచి, "అందులనుంచి ఎట్ల కనవడ్తది?" అని అడిగెను. గుమ్మి వెదురుతో నల్లినది; పేడమట్టి పూత రాలిన చోట సందు గలదు; ఆ సందునుండి పిల్లవాడు చూచెను. కథ నడచిన దంతయు ఆ సందువలననే. నేను మాట నొక్కటి మార్చితి ననుకొంటిని, సందును మూసివేసితిని.

వృద్ధురాలు వెనుక కూర్చుండి వినుచుండెను. ఆమె నన్ను నిందింపలేదు. "గుమ్మి అంటే వాళ్ళకు తెల్వకుంటే అడుగుదురు గద బిడ్డా" అని మాత్రము చెప్పెను. మరు ముద్రణమున 'గుమ్మి'ని నిలిపి, బొమ్మను మరల వ్రాయించితిని. ఆ ఫారములకు కూలి పుచ్చుకొనలేదు. నాటినుండి ప్రతి మొదటి పుటలో, కథ చెప్పినవారి పేరు, ఊరు వ్రాసికొననిదే కలము పట్టను.

మన సీమ మాటకు అచ్చున చోటు లేదని నిరాశపడ బనిలేదు. మెట్‌పల్లి ప్రాంతపు వాసాల నరసయ్య గారు జీవితమంతయు పిల్లల కొరకు వ్రాసి, 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారము నందుకొనిరి.

గ్రామపు పెద్దలారా! మీ ఇంట కథ తెలిసిన అవ్వ యున్నచో, ఈ చలికాలపు రాత్రులలో బడికి పోవు మనుమరాలిని ఆమె దగ్గర కూర్చుండబెట్టుడు. అవ్వ పలికినది పలికినట్లు వ్రాయుమనుడు. తెలియని మాట వచ్చినచోట పిల్ల ఆగి అడుగును, అవ్వ చెప్పును. ఆ జవాబును కూడ అంచున వ్రాయుమనుడు. దిద్దుట తరువాతి పని. దానికి మావంటి వారున్నాము.