ముల్కనూరు విత్తన సహకారము

నాటి కరీంనగరు జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ బ్యాంకు నెలకొన్నది. ముందు అప్పులిచ్చిన ఈ సంఘము, క్రమముగా సభ్యుల చేతనే వరి విత్తనము పండించి, శుభ్రపరచి అమ్మసాగినది.

వరి చాలవరకు తన పుప్పొడితోనే గింజ కట్టును. కనుక విత్తనపు మడికి, పొరుగు రకమునకు నడుమ 3 మీటర్ల ఎడము చాలును. సంకర వరికైతే 100 మీటర్లు కావలెను. పొరుగువాడు కలిసి రానిదే ఒంటరి రైతు అంత ఎడము ఎక్కడ తేగలడు? సంఘము బలము ఇచ్చటనే తెలియును. పూత వేళ కేళీలను ఏరివేయుదురు. ధ్రువీకరణకు గింజలో శుద్ధత 98, మొలకశాతము 80 ఉండవలెను. తగ్గినచో అవి వట్టి వడ్లే.