ప్రాణహితమైన జీవనది

ప్రతిష్ఠాకర్మలో కలశజలమునకు విశేష స్థానమున్నది. సప్తనదులను అందు ఆవాహనము చేయునప్పుడు గోదావరీమాతను తప్పక స్మరింతుము. ఆ తల్లి మన భూపాలపల్లి జిల్లా కాళేశ్వర క్షేత్రమున ప్రాణహితతో సంగమించుచున్నది. ఆ సంగమ వైభవమును ఈ శుభసందర్భమున మనవి చేయుచున్నాను.

గోదావరి నాసిక్ సమీపమున త్ర్యంబకేశ్వరమున జన్మించి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి తూర్పు సముద్రమును చేరును. సాత్పురా పర్వతములలో పుట్టిన వార్ధా, వైన్‌గంగలు తుమ్మిడిహట్టి ప్రాంతమున కలిసి ప్రాణహిత యగును. అచటి నుండి సంగమము వరకు దాని నడక 113 కిలోమీటర్లే. అయినను గోదావరి ఉపనదులలో పెద్దది ఇదియే. ఎగువ గోదావరి జలములు జలాశయములందు నిలిచిపోవు వేసవిలో కాళేశ్వరము కడ ప్రవాహమునకు ముఖ్యాధారము ప్రాణహితయే. సరస్వతి అంతర్వాహినిగా ఇచట కలియునని పెద్దల విశ్వాసము. అందుచేతనే 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు ఇచట జరిగినవి.

ఆలయమున ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి. ముక్తేశ్వరుని దర్శించినవారందరు ముక్తులగుచుండగా, చేయ పని లేక యమధర్మరాజు తపమాచరించి, స్వామి అనుజ్ఞతో తన లింగమును నిలిపెనని స్థలపురాణము. కావున తొలిపూజ కాళేశ్వరునికి, పిదప ముక్తేశ్వరునికి. ముక్తేశ్వర లింగమునందలి నాసికారంధ్రములలో పోసిన జలము భూగర్భ మార్గమున సంగమమును చేరునని ఐతిహ్యము.

ఏడాది పొడవునా పారు నదిని జీవనది అందుము. ఆ పేరు నీటికే కాదు, నదిని నమ్ముకొన్న జీవులకును చెందును. ఎగువన గోదావరిపై శివ్వారమున మొసళ్ల అభయారణ్యమున్నది. ప్రాణహిత అభయారణ్యమున కృష్ణజింకలున్నవి. ఉపనయనమున వటువు ధరించు కృష్ణాజినము ఈ మృగముదే. బెజ్జూరు అడవులలో ప్రాణహితకు చేరువనున్న పాలరాపుగుట్టపై 2013లో రాబందుల గూళ్లు కనబడినవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వలన దేశమంతట రాబందులు నశించగా, 2006లో పశువైద్యమున దానిని నిషేధించిరి. జటాయువు కులమునకు ఆ గుట్ట ఆశ్రయమైనది.

దేవాదుల ఎత్తిపోతల వలన జనగామ మెట్టలకును, కాకతీయ కాలువ వలన మహబూబాబాద్ పొలములకును చేరునది గోదావరి జలమే. కావున తీరమునకు దూరమున నున్నవారును ఈ తల్లి బిడ్డలే. స్నానానంతరము విడిచిన వస్త్రములను, ప్లాస్టిక్ సంచులను నదిలో వేయుట పుణ్యము కాదు. జలమును మలినపరచుటను ధర్మశాస్త్రములు నిషేధించినవి. బింబమునకు ప్రాణప్రతిష్ఠ చేయు మనము, ఆ అభిషేకమునకు నీరిచ్చు నది ప్రాణమును కూడ కాపాడవలయును. అదియు స్వామి సేవయే.

శుభం భూయాత్.