పాపకు ‘ఖలీసీ’ అని పేరు పెట్టారు.. ఆ తర్వాత కథే మారిపోయింది!

సిరీస్ నచ్చితే రాత్రంతా మేలుకుని చూసేస్తాం. కొందరు మాత్రం అక్కడితో ఆగలేదు.. పుట్టిన బిడ్డకే ఆ పాత్ర పేరు పెట్టేశారు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ విషయంలో ఇదే జరిగింది.

అసలు అది పేరే కాదు!

2011లో హెచ్‌బీఓలో మొదలైన ఈ ఫాంటసీ సిరీస్‌లో ఎమీలియా క్లార్క్ చేసిన పాత్ర పేరు డెనెరిస్ టార్గేరియన్. ‘ఖలీసీ’ అంటే కథ కోసం తయారుచేసిన దోత్రాకి భాషలో రాణి అని అర్థం. అంటే బిరుదు అన్నమాట. అయినా జనం నోట్లో ఆ పిలుపే నానింది. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2018లో పుట్టిన ఆడపిల్లల్లో 560 మందికి ఈ పేరు పెట్టారు.

ట్విస్ట్ ఇక్కడే..

2019 మేలో సిరీస్ ముగిసింది. బానిసలను విడిపించిన ఆ రాణే చివర్లో డ్రాగన్‌తో ఒక నగరాన్ని తగలబెట్టేసింది. కథ మారింది కానీ, అప్పటికే పెట్టిన పేర్లు మారవు కదా!

పాస్‌పోర్ట్ దగ్గరా చిక్కే

2024లో బ్రిటన్‌లో ఖలీసీ అనే ఆరేళ్ల పాపకు పాస్‌పోర్ట్ ఇవ్వడానికి అధికారులు మొదట ఒప్పుకోలేదు. ఆ పేరు వార్నర్ బ్రదర్స్ ట్రేడ్‌మార్క్ అని, కంపెనీ అనుమతి తెమ్మని అన్నారు. ట్రేడ్‌మార్క్ వర్తించేది వస్తువులకు, సేవలకే. మనిషి పేరుకు కాదు. చివరికి అధికారులే సారీ చెప్పారు.

నిలబడిన పేర్లూ ఉన్నాయి

వెండీ అనే పేరు 1904 నాటి ‘పీటర్ పాన్’ నాటకంతోనే పాపులర్ అయింది. వనెస్సా పేరును సృష్టించింది రచయిత జొనాథన్ స్విఫ్ట్. ఇప్పుడు ఇవి మామూలు పేర్లే. ఇక ఆర్య సంగతి వేరు. మనకది పాత సంస్కృత పేరు, పైగా 2004లో అల్లు అర్జున్ సినిమా. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో మాత్రం ఆర్య స్టార్క్ అమ్మాయి. అందుకే అమెరికాలో ఆడపిల్లలకు ఈ పేరు బాగా పెరిగింది.

మీరూ పేరు వెతుకుతున్నారా?

తొందరేం లేదు. మన దేశంలో పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయించొచ్చు. ఆ తర్వాత 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఫీజు ఉండదు. అది దాటితే ఆలస్య రుసుము కట్టాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి స్కూల్ అడ్మిషన్, పాస్‌పోర్ట్ వంటి వాటికి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. కాబట్టి స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

అన్నట్టు.. మీకు నచ్చిన సిరీస్ ఇంకా నడుస్తుంటే, క్లైమాక్స్ చూశాకే పేరు ఖాయం చేయండి!