తీగ మారిన ధ్వని మారునా?

సంగీతమును రెండు మార్గములలో గ్రహించి రెండు లౌడ్‌స్పీకర్ల ద్వారా వినిపించు స్టీరియో పద్ధతికి బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లమ్లీన్ 1931లో పేటెంటు కోరెను. 1958 నాటికి స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చి, క్రమముగా ఇండ్లలో ప్రవేశించెను. ఆ రోజులలో యాంప్లిఫయరును లౌడ్‌స్పీకరుతో కలుపు తీగను గూర్చి ఆలోచించినవారు అరుదు. బల్లదీపమునకు వాడు జంటతీగయే దానికిని చాలుననుకొనిరి. 1970వ దశకము చివర ఇందుకొరకే తయారైన లావుపాటి కేబుళ్లు అమ్మకమునకు వచ్చెను. దానితో వివాదము మొదలయ్యెను. తీగ మార్చిన సంగీతము నిర్మలమగునని కొందరు, అది కేవలము భ్రమ యని మరికొందరు వాదించిరి.

తీగ సంకేతమును పాడుచేయునను మాట నిరాధారము కాదు. 1858 ఆగస్టులో ఐర్లండు, న్యూఫౌండ్లండుల నడుమ సముద్రగర్భమున టెలిగ్రాఫు కేబులు పూర్తియైనది. విక్టోరియా రాణి పంపిన 98 పదముల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. రాగితీగ, దాని చుట్టును గట్టాపెర్చా అను విద్యుద్బంధకము, దానికి వెలుపల ఉప్పునీరు: ఈ ఏర్పాటు మిక్కిలి పొడవైన లీడెన్ జాడీ వంటిది. పంపిన విద్యుత్తు ముందుగా ఆ జాడీని నింపవలెను. పిమ్మటనే ఆవలి కొసకు తెలియును. తీగ పొడవు రెట్టింపైనచో ఆలస్యము నాలుగు రెట్లగునని విలియం థామ్సన్ అంతకుముందే గణితముతో చూపియుండెను. కంపెనీ ఎలక్ట్రీషియను వైట్‌హౌస్ దీని నంగీకరింపక, సుమారు 2,000 వోల్టుల పీడనమును ప్రయోగించెను. అసలే లోపములున్న ఆ కేబులు కొద్ది వారములలో మూగవోయెను. 1866లో మేలైన కేబులు వేసిన పిమ్మటనే విజయము చేకూరెను.

టెలిఫోను వచ్చిన పిదప మరియొక చిక్కు కనబడెను. దూరపు కేబులులో హెచ్చు పౌనఃపున్యముగల స్వరములు త్వరగా క్షీణించి, మాట ముద్దగా వినబడుచుండెను. 1887లో ఆలివర్ హెవిసైడ్ చూపిన సిద్ధాంతము ననుసరించి, మార్గమున అక్కడక్కడ తీగచుట్టలను చేర్చుటచే 1900 తరువాత ఈ దోషము చాలవరకు తగ్గినది.

ఇదంతయు ఇంటిలోని తీగకు వర్తించునా? ఇచట పొడవును చూడవలెను. మానవుని చెవికి వినబడు ధ్వనికి పై హద్దు సెకనుకు సుమారు 20,000 కంపనములు. కేబులులో విద్యుత్తరంగము సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోవుననుకొన్నచో, దాని తరంగదైర్ఘ్యము 10 కిలోమీటర్లు. 5 మీటర్ల తీగ అందులో 2,000వ వంతు మాత్రమే. కావున సముద్రపు కేబులు కథ ఇచట చెల్లదు.

ముఖ్యముగా మిగిలినది నిరోధము. 1.3 చదరపు మిల్లీమీటర్ల మధ్యచ్ఛేదముగల రాగి జంటతీగ 5 మీటర్లున్నచో, పోకరాకలు కలిపి 10 మీటర్లు. నిరోధము సుమారు 0.13 ఓములు. 8 ఓముల లౌడ్‌స్పీకరు విషయమున దీనివలన తగ్గుదల 0.14 డెసిబెల్. 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్నతీగ వాడినచో నిరోధము 0.86 ఓములు, తగ్గుదల దాదాపు 0.9 డెసిబెల్. అంతేకాక, లౌడ్‌స్పీకరు చూపు అవరోధము అన్ని స్వరములకు ఒక్కటి కాదు. కావున సన్నతీగ కొన్ని స్వరములను ఎక్కువగను, కొన్నింటిని తక్కువగను తగ్గించును. అనగా, తీగ మిక్కిలి సన్ననిదైనచో ధ్వని నిజముగనే మారును.

గణితము చెప్పినదానిని చెవితో నిర్ధారించుట తేలిక కాదు. ఒక ధ్వని రవ్వంత బిగ్గరగా నున్నచో, వినువాడు దానిని బిగ్గర యనక మేలైన దనును. తీగ ఖరీదు ముందే తెలిసినచో మనస్సు విననక్కరలేకయే తీర్పు చెప్పును. 1950లో బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డనర్ అనువారు ఇందుకొక పరీక్షను వివరించిరి. మొదటి ధ్వనిని, రెండవ ధ్వనిని వినిపించి, పిమ్మట ఆ రెండింటిలో నొకదానిని పేరు చెప్పక వినిపింతురు. అది ఏదియో వినువాడు చెప్పవలెను. 1982లో డేవిడ్ క్లార్క్ ఈ పద్ధతిలో ఆడియో సాధనములను పోల్చు యంత్రమును వర్ణించెను.

1983 ఆగస్టులో అమెరికాలోని ‘స్టీరియో రివ్యూ’ పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ ఇట్టి పరీక్షా ఫలితములను ప్రకటించెను. ఖరీదైన లావు కేబులు, దీపపు తీగ, సన్నతీగ అను మూడింటిని పోల్చిరి. దీపపు తీగ, సన్నతీగ పైన లెక్కించిన మందములవే. సంగీతము వినిపించినపుడు లావు కేబులునకు, దీపపు తీగకు భేదమును శ్రోతలు గుర్తింపలేకపోయిరి. సన్నతీగ మాత్రము ఆ రెండింటికంటె తక్కువదిగా తేలినది.

ఈ పరీక్షను పాఠశాలలోను చేయవచ్చును. ఒక విద్యార్థి తెర వెనుక నాణెము నెగురవేసి, పడిన ముఖమును బట్టి తీగను కలుపును. మరియొకడు విని చెప్పును. 16 మార్లలో 12 లేక అంతకుమించి సరిగా చెప్పుట, ఊహ మీదనే అయినచో, 100కు 4 వంతులే సంభవము. అంతకు తక్కువైన, తేడా విన్నట్లు రుజువు కాలేదన్నమాట. 1858లో గణితమును త్రోసిపుచ్చినవారు కేబులును పోగొట్టుకొనిరి. పొడవు చూడక ఆ గణితమునే ఇంటి తీగకు అంటగట్టువారు డబ్బు పోగొట్టుకొందురు. సూత్రముతోబాటు దాని హద్దులను కూడ నేర్చుకొనుటయే శాస్త్రము.