ఏడుగురు, 64 మగ్గాలు: అహ్మదాబాదు నేతశాలలో ఒక ప్రయోగం

కర్మాగారంలో యంత్రం నడకను లెక్కగట్టే విద్య పాతది. ఆ యంత్రం ముందు నిలిచిన మనిషి నడవడిని లెక్కలోకి తీసుకోవడం ఇరవయ్యో శతాబ్దంలోనే ప్రారంభమైంది. 1911లో అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ ప్రతిపాదించిన శాస్త్రీయ నిర్వహణ సిద్ధాంతం పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క మనిషికి అప్పగించింది. ఆ దృష్టిలో కార్మికుడు ఒంటరి. అతనిని కదిలించేది కూలి మాత్రమే. ఈ భావనను సవరించిన పరిశోధనలలో ఒకటి భారతదేశంలో, అహ్మదాబాదు నగరంలోని ఒక నేతశాలలో జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నిర్వహణశాస్త్ర విద్యార్థులు చదువుకునే ఆ ప్రయోగం మన దేశపు సామాన్య పాఠకులకు అంతగా పరిచితం కాకపోవడం విచారకరం.

హాథార్న్ నుంచి బొగ్గు గనుల వరకు

అమెరికాలో షికాగో సమీపాన ఉన్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు వరుసగా పరిశోధనలు సాగాయి. దీపాల వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అన్నది తొలి ప్రశ్న. వెలుతురుకూ ఉత్పత్తికీ మధ్య నిలకడైన సంబంధమేదీ కనిపించలేదు. దానితో పరిశోధకుల చూపు మనుషుల వైపు మళ్లింది. టెలిఫోను పరికరాలను కూర్చే కొద్దిమంది యువతులను ప్రత్యేకమైన గదిలో ఉంచి, విరామాలను, పనిగంటలను మార్చి చూశారు. ఉత్పత్తి పెరిగింది. అయితే 1931-32లో 14 మంది పురుషులను పరిశీలించినప్పుడు ఇందుకు భిన్నమైన దృశ్యం ఎదురైంది. రోజుకు ఇంత పని చాలునని ఆ బృందం తనలో తాను ఒక హద్దు గీసుకున్నది. దానిని దాటినవాడు తోటివారి నిరసనకు గురయ్యేవాడు. బృందం మనిషికి ఊతమూ కాగలదు, కళ్లెమూ కాగలదు అన్నది హాథార్న్ తేల్చిన విషయం. ఆ పరిశోధనల నిర్వహణపై తరువాతి కాలంలో గట్టి విమర్శలు వచ్చిన మాట వాస్తవమే. కానీ కార్మికుడు ఒంటరి కాడన్న మూలసూత్రం నిలిచింది.

రెండవ ప్రపంచయుద్ధానంతరం లండన్‌లోని టావిస్టాక్ సంస్థ ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించింది. బ్రిటిష్ బొగ్గు గనులలో యంత్రాల రాకతో పాత పనిముఠాలు విచ్ఛిన్నమైన తీరును ఎరిక్ ట్రిస్ట్, మునుపు గనికార్మికుడైన కెన్ బామ్‌ఫర్త్ 1951లో వివరించారు. యంత్రవ్యవస్థ, మానవవ్యవస్థ రెండూ పరస్పరాధారితాలనీ, ఒకదానిని మాత్రమే సరిదిద్దితే రెండవది కుంటుపడుతుందనీ వారి నిర్ధారణ. ఈ సూత్రానికి తొలి పరీక్షలలో ఒకదానికి వేదికగా నిలిచినది అహ్మదాబాదు.

నగరం, దాని వారసత్వం

ఈ నగరాన్ని ఎన్నుకోవడం కేవలం యాదృచ్ఛికమని అనలేము. 1861లో తొలి నూలుమిల్లు పని ప్రారంభించిన నాటినుంచి అహ్మదాబాదు బతుకు వస్త్రపరిశ్రమతో ముడిపడి ఉన్నది. 1918లో ఇక్కడి మిల్లు కార్మికులు 35 శాతం వేతన పెంపు కోరి సమ్మె చేసినప్పుడు గాంధీజీ వారి పక్షాన నిలిచి ఉపవాసం పూనారు. యజమానుల పక్షానికి అంబాలాల్ సారాభాయి నాయకుడు. ఆయన సోదరి అనసూయాబెన్ కార్మికుల పక్షాన నిలిచారు. మధ్యవర్తి తీర్పుతో ముగిసిన ఆ వివాదం నుంచి 1920లో మజూర్ మహాజన్ అనే కార్మికసంఘం పుట్టింది. తగవును సంప్రదింపులతో పరిష్కరించుకునే సంప్రదాయం అలా ఈ నగరంలో వేళ్లూనింది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే వస్త్రపరిశ్రమ పరిశోధన కోసం అటిరా అనే సంస్థ ఏర్పడింది. విక్రమ్ సారాభాయి దాని నిర్మాత. నూలు నాణ్యతతో పాటు కార్మికుల మనస్తత్వాన్ని కూడా అధ్యయనం చేయడానికి అందులో ఒక విభాగం నెలకొన్నది. మనస్తత్వశాస్త్రవేత్త కమలా చౌధురి దానికి సారథ్యం వహించారు. 1961లో ఇదే నగరంలో భారతీయ నిర్వహణ విద్యాసంస్థ వెలసినప్పుడు దాని తొలి ఆచార్యులలో ఆమె ఒకరు కావడం గమనార్హం.

పన్నెండు పనులు, చెదిరిన మనుషులు

సారాభాయి కుటుంబానికి చెందిన కాలికో మిల్లులో 1952లో స్వయంచాలక మగ్గాలు ప్రవేశించాయి. పాతపద్ధతిలో నేతగాడు రెండు మగ్గాలను చూసుకునేవాడు. కొత్తపద్ధతిలో 24 గాని 32 గాని చూడవలసి వచ్చింది. 224 మగ్గాలున్న శాలలో 29 మంది పనివారిని 12 రకాల పనులకు విభజించారు. నేతగాళ్లు 8 మంది. కండెలు నింపేవారు 5గురు. తెగిన పడుగును చక్కదిద్దేవారు ముగ్గురు. కొత్త పడుగు ఎక్కించేవారు, గుడ్డ మోసేవారు, జాబర్లు, వారి సహాయకులు ఇద్దరేసి. నూనె పోసేవాడు, ఊడ్చేవాడు, తేమ యంత్రాలను చూసేవాడు మొదలైనవారు ఒక్కొక్కరే.

కాగితం మీద ఈ విభజన నిర్దుష్టం. ప్రతి పనికీ పట్టే కాలాన్ని కొలిచి చేసిన లెక్క అది. అయినా ఉత్పత్తి ఆశించిన స్థాయికి రాలేదు. గుడ్డ పాడవడం తగ్గలేదు. 1953లో టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఎ. కె. రైస్ లోపం ఎక్కడున్నదో పట్టుకున్నారు. ఎనిమిదిమంది నేతగాళ్లకు ఐదుగురు కండెలవారు అంటే ఒక్కొక్క నేతగాడికి ఒక మనిషిలో ఎనిమిదింట ఐదు వంతులు మాత్రమే దక్కుతాడు! పడుగు చక్కదిద్దేవాడిలో ఎనిమిదింట మూడు వంతులు. ఎవరి మగ్గాల పరిధి ఎవరి పరిధితోనూ కలవదు. మగ్గం ఆగితే ఎవరిని పిలవాలి, ఎవరి పని ముందు చేయాలి అన్నది నిత్యతగవు. అక్కడ 29 మంది ఉన్నారు, బృందం లేదు. దోషం ఎవరి సోమరితనంలోనూ లేదు, పనిని పంచిన తీరులో ఉన్నది.

తెలుగు పాఠకులకు ఈ అంశం సులభంగా బోధపడుతుంది. చేనేత ఇంట ఒకరు ఆసు పోస్తారు, ఒకరు కండెలు చుడతారు, ఒకరు మగ్గంలో కూర్చుంటారు. పనులు వేరైనా అందరి కళ్లూ ఒకే చీర మీద ఉంటాయి. తెలంగాణ పల్లెల నుంచి సోలాపూర్, భివండి, సూరత్, అహ్మదాబాదు వంటి నగరాలకు వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు విడిచివెళ్లినది మగ్గాన్ని మాత్రమే కాదు, ఈ అల్లికను కూడా.

బృందం తనను తాను కూర్చుకున్న వేళ

రైస్ ప్రతిపాదన సరళమైనది. కొన్ని మగ్గాల మొత్తం బాధ్యతను ఒక చిన్న ముఠాకు అప్పగించాలి. లోపల ఎవరు ఏ పని చేయాలో ముఠాయే చూసుకోవాలి. ఈ ఆలోచనను ముందుంచగానే పనివారూ పర్యవేక్షకులూ దానిని తమదిగా స్వీకరించారు. తమ ముఠాలలో ఎవరెవరుండాలో తామే నిర్ణయించుకున్నారు. ఏడుగురికి 64 మగ్గాలన్న లెక్కన కొత్త ఏర్పాటు రూపొందింది, ముఠాకొక నాయకుడు. తొలినాళ్లలో ఒడుదొడుకులు తప్పలేదు. కుదుటపడిన తరువాత మగ్గాల సామర్థ్యం మునుపటికన్నా పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. మగ్గాలు మారలేదు, మారినది మనుషుల మధ్యనున్న సంబంధం. 1958లో రైస్ ఈ అనుభవాన్ని గ్రంథరూపంలో వెలువరించారు.

ఇంతటితో ముగిస్తే ఇది విజయగాథ మాత్రమే అయ్యేది. 1970లో రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ మళ్లీ అవే శాలలను పరిశీలించారు. ఒక శాలలో ముఠా పద్ధతి దాదాపు చెక్కుచెదరక నిలిచి ఉన్నది. పనితీరు కూడా అదే స్థాయిలో ఉన్నది. ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన ఇతర శాలలలో మాత్రం అది చాలామేరకు సడలి, పాత ఒంటరి విధానం తిరిగి వచ్చింది. ఒకే నగరం, ఒకే యాజమాన్యం, ఒకే సంస్కృతి. కనుక ఈ తేడాను కార్మికుల స్వభావానికి అంటగట్టడం సాధ్యం కాదు. ముఠా తన సరిహద్దులను తాను కాపాడుకోగలగాలి. బయటి ఒత్తిళ్లు వచ్చినప్పుడు పైనున్న అధికారి ఆ ఒత్తిడిని తాను మోయాలి తప్ప, ముఠా లోపలికి చొరబడి ఆజ్ఞలు జారీచేయరాదు. ఆ మేర సంయమనం లోపించిన చోట బృందం పేరుకే మిగులుతుంది.

పాఠం, దాని పరిమితి

కార్యాలయమైనా కర్మాగారమైనా, పని సరిగా సాగనప్పుడు మొదట వినిపించే మాట "మనుషులు మంచివారు కారు" అన్నది. ఒక దస్త్రం పన్నెండు బల్లలు తిరిగి, ఏ బల్లకూ దాని మంచిచెడ్డలు పట్టని చోట, గుమాస్తా ఉదాసీనతను నిందించడం తేలిక. ఆ దస్త్రం పూర్తి బాధ్యత ఎవరికైనా అప్పగించారా అని ప్రశ్నించుకోవడం కష్టం. అహ్మదాబాదు ప్రయోగం ఈ రెండవ ప్రశ్న వేయమంటుంది.

అయితే ఈ శాస్త్రం చేతికి అందని విషయాలూ ఉన్నాయి. పనిని ఎలా పంచుకోవాలో ఏడుగురు నిర్ణయించుకోగలిగారు. మిల్లు ఉండాలా మూతపడాలా అన్న నిర్ణయంలో వారికి పాత్ర లేదు. 1980, 1990 దశకాలలో అహ్మదాబాదు మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. కాలికో మిల్లు కూడా 1990ల చివరికి ఆ దారినే పోయింది. ఆ పేరు నేడు ప్రధానంగా సారాభాయి కుటుంబం స్థాపించిన వస్త్రప్రదర్శనశాలలో నిలిచి ఉన్నది. అక్కడ శతాబ్దాల నాటి నేతలను భద్రపరచి చూపుతారు. మగ్గాల నడుమ ఏడుగురు మనుషులు తమ పనిని తామే పంచుకున్న ఆ అల్లికను అద్దాల పెట్టెలో భద్రపరచడం సాధ్యం కాదు. పనిచేసే ప్రతి చోటా దానిని మళ్లీ మళ్లీ నేయవలసిందే.