డే లిల్లీ మొక్కలకు ఎరువులు, మల్చింగు

డే లిల్లీ హెమెరోకాలిస్ ప్రజాతికి చెందిన బహువార్షిక పూల మొక్క. దీని జన్మస్థానం చైనా, జపాన్, కొరియా మొదలైన ఆసియా దేశాలు. గ్రీకు భాషలో హెమెరా అనగా పగలు, కాలోస్ అనగా అందము. ఒక్కొక్క పువ్వు ఒక్క రోజు మాత్రమే నిలుస్తుంది కనుక ఈ పేరు వచ్చినది. ఇది లశునం నుండి పుట్టే నిజమైన లిల్లీ కాదు. తెలుగునాట పూల అంగళ్ళలో లిల్లీ పేరుతో అమ్మే నేలసంపెంగ కూడా వేరొక మొక్క. ఉత్తర అమెరికాలో డే లిల్లీని ఇంటితోటలలో విరివిగా పెంచుతారు. అక్కడ 1946లో అమెరికన్ హెమెరోకాలిస్ సొసైటీ ఏర్పడినది.

ఎరువులు

ఈ మొక్కకు ఎరువుల అవసరం తక్కువ. నాటేముందు బాగా చివికిన పశువుల ఎరువు గాని, కంపోస్టు గాని మట్టిలో కలపాలి. స్వల్ప ఆమ్ల గుణం గల, నీరు నిలువని నేల అనుకూలం. చలి దేశాలలో వసంతంలో కొత్త చిగుళ్ళు కనిపించగానే నత్రజని, భాస్వరం, పొటాష్ గల ఎరువును పైపాటుగా వేస్తారు. భూసార పరీక్షలో భాస్వరం చాలినంత ఉన్నదని తేలితే దానిని మానవచ్చును. ఎరువు ఆకులపైన, మొదలుపైన పడకుండా దుబ్బు చుట్టూ చల్లి వెంటనే నీరు పెట్టాలి. నత్రజని మితిమీరినచో ఆకులు ఏపుగా పెరిగి పూలు తగ్గుతాయి.

మల్చింగు

మొక్కల చుట్టూ నేలను ఎండుటాకులు, గడ్డి, బెరడు ముక్కలు వంటి వాటితో కప్పడాన్ని మల్చింగు అంటారు. దీని వలన తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, వేళ్ళకు ఎండ వేడిమి తగలదు. పొర మందం 5 నుండి 8 సెంటీమీటర్లు ఉంటే చాలును. పచ్చి రంపపుపొట్టును మట్టిలో కలిపితే, దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకొనుట వలన ఆకులు పసుపుబారతాయి. కావున దానిని పైన మాత్రమే పరచాలి. చలి ప్రాంతాలలో శరదృతువులో నాటిన మొక్కలకు నేల గడ్డకట్టిన తరువాత కప్పు వేస్తారు. నేల పదే పదే గడ్డకట్టి కరగడం వలన వేళ్ళు పైకి లేచిపోకుండా ఇది కాపాడుతుంది.

జాగ్రత్తలు

* మల్చి మొక్క మొదలును తాకరాదు. వేడి, తడి కలిసినచో మొదలు కుళ్ళి దుబ్బు మొత్తం చనిపోవచ్చును.
* కోకో గింజల పొట్టులోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం. కుక్కలున్న ఇంటిలో దానిని వాడరాదు.
* డే లిల్లీ మొక్కలోని అన్ని భాగాలు పిల్లులకు విషపూరితం. కొద్దిగా తిన్నా మూత్రపిండాలు చెడి ప్రాణాపాయం కలుగుతుంది. పిల్లి తిన్నదని అనుమానం కలిగితే, లక్షణాల కొరకు వేచి ఉండక వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి.