రాయి నీదే, రేటు ఎవరిది?

తొలకరి జల్లు పడిందంటే మా అమ్మ పుట్టినూరు వజ్రకరూరులో మనుషులు తలలు వంచుకుని నడుస్తారు. సిగ్గుపడి కాదు లెండి, రాళ్ల కోసం. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోయి అడుగు రాళ్లు బయట పడతాయి. వాటిలో ఒక్కటి తళుక్కుమంటే చాలు, ఆ ఏటికి కరువు తీరినట్టే! ఊరి పేరులోనే వజ్రం ఉంది మరి. ఈ నేల కింద వజ్రాలుండే కింబర్లైటు రాయి ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. వాళ్ల శాఖ మ్యూజియం కూడా ఈ ఊళ్లోనే ఉంది. నాలుగు మంచి వానలు పడితే పదివేలనుకునే అనంతపురం జిల్లాలో, ఆ వాన కోసం వేరుశనగ రైతు ఒక కంటితో, వజ్రాల వేటగాడు ఒక కంటితో ఆకాశం కేసి చూస్తుంటారు.

మొన్నామధ్య తొలకరికి అక్కడికి వెళ్లాను. మా మామ అరుగు మీద కూర్చుని ఒక కూలీ మనిషి సంగతి చెప్పాడు. కలుపు తీస్తుంటే ఆమెకు రాయి దొరికిందట. కొంగున ముడేసుకుని వ్యాపారి దగ్గరికి పోయింది. ఆయన రాయిని అద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ముఖంలో ఏ భావమూ లేదు. "ఎంతకిస్తావమ్మా?" అన్నాడు. ఆమెకేం తెలుసు? "నువ్వే చెప్పన్నా" అంది. అంతే, బేరం ముగిసిపోయింది.

"రాయి దొరికేది అదృష్టం పాపా. రేటు దొరికేదానికి మాత్రం అదృష్టం చాలదు. ముందుగాల తెలుసుకోని పోవల్ల" అన్నాడు మామ.

పక్కనే మామ కొడుకు నవ్వాడు. వాడు ఓ చిన్న కొట్టు నడుపుకుంటూ, పత్రికకు వార్తలు రాస్తుంటాడు. ఏటా ఈ వజ్రాల వార్తలు పంపేది వాడే. "నాదీ అదే బేరం కదా నాయనా! నేను రాసిన వార్తను స్కేలు పెట్టి కొలిచి, ఇంత అని వాళ్లే చెప్తారు. నేను ‘సరేనన్నా’ అంటా" అన్నాడు. దాన్నే లైన్ అకౌంటు అంటారు. లక్షల వజ్రం వార్త రాసినవాడికి ముట్టేది సెంటీమీటర్ల లెక్కన!

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఎందుకంటే మా నాన్న ఒక పత్రికలో సబ్ ఎడిటరు. జీతాల బేరానికి యూనియన్ వాళ్లు ఎంత కసరత్తు చేసేవారో చిన్నప్పుడు మా ఇంటి ముందు గదిలోనే చూశాను. ఆ కసరత్తుకు ఒక చరిత్ర ఉంది. రోజూ పేపరు చదువుతాం కానీ, దాన్ని తయారుచేసేవాళ్ల కథ మనకెవరు చెబుతారు చెప్పండి?

ఒకప్పుడు పత్రికంటే ఉద్యోగం కాదు, దీక్ష. మన అనంతపురం సంగతే చూడండి. పప్పూరు రామాచార్యులుగారు 1926లో ఇక్కడ శ్రీసాధన పత్రికను స్థాపించారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు కూడా వెళ్లొచ్చిన మనిషి. ఆ రోజుల్లో సంపాదకుడే యజమాని, సంపాదకుడే అప్పులవాళ్లకు జవాబుదారు. జీతం పెంచమని ఆయన ఎవరినడగాలి, అద్దంలో తనని తానే అడగాలి!

స్వరాజ్యం వచ్చాక కథ మారింది. పత్రికలు పెద్ద వ్యాపారాలయ్యాయి. పెట్టుబడి ఒకరిది, రాత్రి మేలుకునే కళ్లు ఇంకొకరివి. కానీ జీతం దగ్గరికొచ్చేసరికి ఆ పాత దీక్ష మాటే వినిపించేది. "దేశసేవ చేస్తున్నారు, డబ్బు మాటెందుకు?" అని. (ఇంటి చాకిరీకి మనకు చెప్పే మాట కూడా ఇలాగే ఉంటుంది, గమనించారా?)

1950లో దేశంలోని పాత్రికేయులంతా కలిసి అఖిల భారత వర్కింగ్ జర్నలిస్టుల ఫెడరేషన్ పెట్టుకున్నారు. దానికి తొలి అధ్యక్షుడు మన తెలుగువాడే, మానికొండ చలపతిరావుగారు. లక్నోలో నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు. సంపాదకుడి కుర్చీలో ఉన్నవాడు సబ్ ఎడిటర్ల, విలేకరుల జీతాల గురించి నిలబడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1952లో ప్రభుత్వం జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన ప్రెస్ కమిషన్ వేసినప్పుడు ఆయన దాంట్లో కూడా సభ్యుడు. 1954లో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది.

ఆ 1955 చట్టం పాత్రికేయుడికీ గడియారం ఉందని ఒప్పుకుంది. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదంది. ఉన్నపళంగా పొమ్మనకుండా సంపాదకుడికి ఆరు నెలలు, మిగిలిన పాత్రికేయులకు మూడు నెలల నోటీసు ఇవ్వాలంది. జీతాలు నిర్ణయించడానికి వేతన బోర్డు వేయాలంది. 1957లో ఆంధ్రప్రదేశ్ పాత్రికేయులు కూడా రాష్ట్ర యూనియన్ పెట్టుకున్నారు.

మొదటి వేతన బోర్డు 1956లో జస్టిస్ దివాటియా అధ్యక్షతన కూర్చుంది. యజమానుల మనుషులు ఇటు, పాత్రికేయుల మనుషులు అటు. ఏడాది తిరిగేసరికి జీతాల పట్టిక వచ్చింది. పండగ చేసుకున్నారు. ఇంతలో యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 మార్చిలో తీర్పు వచ్చింది. చట్టం చాలావరకు నిలిచింది కానీ, జీతాల పట్టిక కొట్టుకుపోయింది. ఎందుకంటే, పత్రికలకు ఆ జీతాలిచ్చే తాహతు ఉందా లేదా అన్నది బోర్డు సరిగ్గా విచారించలేదట.

అంటే ఏమిటన్నమాట? ఆకలి నిజమే, చాకిరీ నిజమే, కానీ లెక్కల కాగితంలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఒక్క గడి కోసం అంత శ్రమా నీళ్లపాలైంది. ప్రభుత్వం అదే ఏడు ఇంకో చట్టం చేసి, ఒక కమిటీని వేసి, 1959లో జీతాలు మళ్లీ నిర్ణయించింది. అప్పట్నుంచీ యూనియన్ల వాళ్లకు బుద్ధొచ్చింది. ఉపన్యాసాలతో పాటు బ్యాలెన్సు షీట్లు చదవడం నేర్చుకున్నారు.

ఆ 1959లోనే మద్రాసులో ఇంకో ముచ్చట జరిగింది. ఏప్రిల్ నెలాఖరున ఎక్స్‌ప్రెస్ పత్రికల సిబ్బంది సమ్మెకు దిగారు. యాజమాన్యం తలుపులు మూసింది. 1938 నుంచీ మద్రాసులో అచ్చవుతున్న ఆంధ్రప్రభ విజయవాడకు తరలిపోయింది. దినపత్రికతో పాటు సచిత్ర వారపత్రిక కూడా! మూసివేతా, లాకౌటా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా నడిచింది. మద్రాసులో కాపురాలు పెట్టుకుని, పిల్లల్ని బళ్లో వేసుకున్నవాళ్ల గతి ఏమైందో ఊహించుకోండి. బేరానికి వెళ్లేముందు, "అవతలివాడు బల్ల దగ్గరనుంచి లేచిపోతే మనమేం చేస్తాం?" అన్న ప్రశ్నకు కూడా జవాబు ఉండాలని ఆ సంవత్సరం నేర్పింది.

ఇక మా ఇంటి సంగతికొస్తాను. 1974లో చట్టం సవరించి పత్రికల్లోని ఇతర ఉద్యోగులకు కూడా వేతన బోర్డులుండాలన్నారు. 1980లో పాలేకర్ అవార్డు వచ్చింది. 1985లో జస్టిస్ బచావత్ బోర్డులు వేశారు. ఆ విచారణ సాగుతున్నప్పుడు నాకు ఏడో ఎనిమిదో ఏడు. మేం హైదరాబాదులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నాలు నాన్న స్నేహితులు నలుగురైదుగురు వచ్చి చాప మీద కాగితాలు పరిచేవారు. అమ్మ టీలు పెట్టలేక విసుక్కునేది.

వాళ్లేం చేసేవాళ్లో అప్పుడు నాకర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. ఎవరు ఏ పని చేస్తున్నారో, ఏ హోదా కింద జీతం తీసుకుంటున్నారో ఒక జాబితా. సబ్ ఎడిటరు పని చేస్తూ ప్రూఫ్ రీడరు జీతం తీసుకునేవాళ్లు ఎక్కడ తేలతారో అని గాలింపు. పత్రిక మొత్తం రాబడి ఎంతో, దాన్నిబట్టి ఏ తరగతిలోకి వస్తుందో ఇంకో లెక్క. ఎందుకంటే తరగతిని బట్టే జీతం. ధరల సూచీ ఎంత పెరిగింది, కరువు భత్యం ఎంత పెరిగింది అని మరో లెక్క. అడగాల్సినవి పది ఉంటే, ప్రాణం పోయినా వదలకూడనివి ఏవి, ఇచ్చిపుచ్చుకోవడానికి పనికొచ్చేవి ఏవి అని రెండు కుప్పలు పెట్టేవారు. దానిమీదే పోట్లాట! రాత్రి డ్యూటీ వాళ్లదొక మాట, పగటి వాళ్లదొక మాట. ముందు తమలో తాము తేల్చుకోకపోతే అవతలివాళ్ల ముందు తేలిపోతారని నాన్న అంటుండేవాడు. ఇంకో కట్టుబాటు ఏమంటే, మేనేజరు టీకి పిలిచినా సరే, ఒక్కడే వెళ్లకూడదు. ఇద్దరు వెళ్లాలి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి.

ఒక ఆదివారం వాళ్లకు కుటుంబ ఖర్చుల వివరాలు కావలసి వచ్చాయి. నాన్న చప్పుడు చేయకుండా వంటింటి గూట్లోంచి అమ్మ పద్దుల పుస్తకం తెచ్చి చాప మీద పెట్టాడు. అమ్మ చూసేసింది.

"నన్నడక్కుండా నా పుస్తకం ఎట్ల తీసినారు?" అంది. నలుగురి ముందూ నాన్న ముఖం చిన్నబోయింది. అందులో ఆయన సిగరెట్ల పద్దు కూడా ఉంది మరి!

అమ్మ పుస్తకం లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. వచ్చి చాప అంచున కూర్చుంది. పాలు, కిరోసిను, బియ్యం, మా స్కూలు ఫీజు అంటూ వాళ్లు రాసుకుంటుంటే కాసేపు చూసింది. తర్వాత, "ఇందులో కొన్నవే కదా ఉండేది. కొననివి యాడ రాస్తారు?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మే పెన్సిలు తీసుకుని చివరి పేజీలో రాసింది. వజ్రకరూరులో మా అవ్వకు కంటి ఆపరేషను, వచ్చే ఏడు. నాన్నకు కొత్త కళ్లజోడు, వచ్చే నెల. ఆ ‘వచ్చే నెల’ అప్పటికే ఏడాదిగా నడుస్తోంది. రాత్రంతా వార్తలు దిద్దే మనిషికి కళ్లజోడు లేదు! పెద్దపిల్లకు చెప్పులు, పండక్కి. ఆ పెద్దపిల్లను నేనే.

నాన్న స్నేహితుల్లో ఒకాయన ఆ పేజీని శ్రద్ధగా నకలు రాసుకున్నాడు. అది చివరికి ఏ మహజరులో చేరిందో, చేరనే లేదో నాకు తెలీదు. 1989లో బచావత్ సిఫార్సులు అమలుకొచ్చాక మాత్రం నాన్నకు కళ్లజోడు వచ్చింది. అవ్వ ఆపరేషను జరిగింది. నా చెప్పుల సంగతి అంటారా, అప్పటికి నా పాదం రెండు సైజులు పెరిగింది.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. చివరిగా వచ్చినవి జస్టిస్ మజీథియా బోర్డుల సిఫార్సులు, 2011 నవంబరులో ప్రకటించారు. యజమానులు మళ్లీ కోర్టుకెళ్లారు. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈసారి జీతాల పట్టికను నిలబెట్టింది. 1958లో ఖాళీగా ఉన్న గడి ఈసారి నిండి ఉందన్నమాట. అయినా తగువు తీరలేదు. "నాకు పాత జీతమే చాలు" అని ఉద్యోగులు రాసిచ్చిన కాగితాలను అడ్డం పెట్టారు. ఎవరైనా మనసారా అలా రాసిస్తారా? 2017లో సుప్రీంకోర్టు, బోర్డు చెప్పినదానికన్నా తక్కువ ఇవ్వడానికి ఆ కాగితాలు చెల్లవంది. కాంట్రాక్టు ఉద్యోగులకూ ఆ జీతాలు వర్తిస్తాయంది.

ఇప్పుడు ఆ 1955 చట్టమే లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్లు 2025 నవంబరులో అమల్లోకి వచ్చి దాన్ని తమలో కలిపేసుకున్నాయి. పత్రికలవాళ్లకంటూ ప్రత్యేక వేతన బోర్డు వాటిలో లేదు. మధ్యలో కూర్చుని లెక్క చూసే జడ్జిగారు లేనప్పుడు, బల్లకు ఇవతల కూర్చునేవాళ్లు తమ లెక్క తామే మరింత గట్టిగా చూసుకోవాలి కదా?

వజ్రకరూరు నుంచి బయల్దేరేముందు మా మామ కొడుకు తన నోటుపుస్తకం చూపించాడు. అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి అంటించుకున్నాడు, కింద సెంటీమీటర్ల లెక్క. 1981 సవరణతోనే చట్టం పార్ట్‌టైము విలేకరిని కూడా పాత్రికేయుడిగా గుర్తించిందని చెబితే ఆశ్చర్యపోయాడు. వాడు పుట్టకముందు సంగతి అది!

"ఇందులో అచ్చయినవే ఉన్నాయి. అచ్చుకానివి ఎక్కడ రాశావురా?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. చెప్పాను. పంపినా పడని వార్తలు, బండి పెట్రోలు, ఫోను ఖర్చు, ఆస్పత్రి ముందూ పోలీసు స్టేషను ముందూ నిలబడ్డ గంటలు, కొట్టు మూసుకుని వెళ్లిన రోజులు. చివరి పేజీ తిప్పి పెన్ను చేతిలో పెట్టాను.

"ఇవన్నీ రాస్తే ఎవురిస్తారక్కా?" అన్నాడు.

"ఎవరూ ఇవ్వరు, నువ్వొక్కడివే వెళితే. ఈ మండలాల్లో నీలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు వాళ్ల చివరి పేజీలన్నీ ఒకచోట చేర్చండి" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. బస్సు కదిలేసరికి మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పొలాల్లో మనుషులు తలలు వంచుకుని నడుస్తున్నారు. అరుగు మీద వాడూ తల వంచుకునే ఉన్నాడు, పుస్తకంలో ఏదో రాసుకుంటూ.